గీత దాటితే వేరు వెల

నానార్థాల పాఠం చెప్పిన ప్రతి ఏడూ నల్లబల్ల మీద తప్పక వ్రాసే మాట ఒకటి నాకు ఉండేది. అది ‘ధర’. ధర అంటే భూమి, ధర అంటే వెల. ముప్ఫై మూడేళ్ళు ఆ మాట వ్రాశాను, తుడిచాను. ఆ రెండర్థాలకూ చుట్టరికం ఉన్నదని మాత్రం ఉద్యోగ విరమణ చేసిన తరువాత, జర్మనీ స్విట్జర్లాండుల నడుమ ఒక వీధి దాటుతూ ఉండగా గాని నాకు తట్టలేదు. ధర మారితే ధర మారుతుంది. నేల మారితే వెల మారుతుంది. ఆ నేల మీద ఏరు లేదు, కొండ లేదు. ఎవరో గీసిన గీత ఒక్కటే ఉన్నది. ఆ గీత కథే ఈ టపా.

2024 వేసవిలో మా అమ్మాయి, అల్లుడు ఉండే జ్యూరిక్ నగరంలో రెండు నెలలు గడిపాను. వెళ్ళిన మొదటి వారమే నాకు ఒక జబ్బు పట్టుకున్నది. చూసిన ప్రతి వస్తువునూ రూపాయలలోకి మార్చి గుండె బాదుకునే జబ్బది. అయిదు ఫ్రాంకుల కాఫీ అంటే మన లెక్కన నాలుగువందల యాభై రూపాయల పైమాటే. నేను ఉద్యోగంలో చేరిన 1984లో ఒక ఫ్రాంకు అయిదు రూపాయల ప్రాంతంలో ఉండేది. నలభై ఏళ్ళలో అది తొంభై దాటింది. “నాన్నా, ఇక్కడ ఉన్నన్నాళ్ళూ రూపాయి మాట మరచిపోండి, లేకపోతే ఆకలితో మాడిపోతారు,” అని అమ్మాయి నవ్వింది. నేను మాత్రం కాఫీ మానేశాను.

రెండవ శనివారం ముగ్గురమూ రైలెక్కి కోన్‌స్టాంజ్ అనే ఊరికి వెళ్ళాము. గంటకు పైబడిన ప్రయాణం. విహారమనుకొని నేను చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. తీరా చూస్తే అది అంగడి యాత్ర! రైలు దిగిన వారిలో సగం మంది చేతులలో ఖాళీ సంచులు, చక్రాల పెట్టెలు ఉన్నవి. కోన్‌స్టాంజ్ జర్మనీ ఊరు. దానికి ఆనుకొని ఉన్న క్రొయిట్‌స్లింగెన్ స్విట్జర్లాండు ఊరు. రెండింటి నడుమ వీధులే హద్దు. ఒక ఇంటి పెరడు ఒక దేశంలో ఉంటే ఎదురింటి అరుగు మరొక దేశంలో ఉంటుంది.

చరిత్ర పుస్తకాలలో కోన్‌స్టాంజ్ పేరు క్రైస్తవ మహాసభ వలన నిలిచింది. 1414 నుండి 1418 వరకు జరిగిన ఆ సభకు ఐరోపా నలుమూలల నుండి వేలాది జనం వచ్చిపడ్డారు. యాన్ హుస్ అనే సంస్కర్తను 1415లో సజీవ దహనం చేసినదీ అక్కడే. ఆ ఊరి పౌరుడు ఉల్రిఖ్ రిఖెంటాల్ ఆ సభా వృత్తాంతాన్ని వ్రాస్తూ, రొట్టె, మాంసం, చేపలు, ద్రాక్షసారాయం ఏ వెలకు అమ్మినదీ శ్రద్ధగా నమోదు చేశాడు. మహాసభలో మతాచార్యులు ఏమి తీర్మానించినా, సామాన్యుడు గుర్తుంచుకొనేది రొట్టె వెలనే అని ఆయనకు తెలుసు.

అంగడిలో సామాను కొన్న తరువాత లెక్క కట్టే అమ్మాయి ఒక ఎగుమతి కాగితం ఇచ్చింది. సరిహద్దు దగ్గర జర్మనీ సుంకాల ఉద్యోగి దాని మీద ముద్ర వేస్తాడు. మరొకసారి వచ్చినప్పుడు ఆ కాగితం చూపితే, జర్మనీ ప్రభుత్వానికి చెల్లించిన అమ్మకపు పన్ను తిరిగి ఇస్తారు. సరుకు దేశం దాటిపోయింది కనుక ఆ పన్ను ఆ దేశానికి చెందదని న్యాయం. ఈ కాగితాల రద్దీ భరించలేక 2020 జనవరి నుండి జర్మనీవారు యాభై యూరోలు దాటిన కొనుగోలుకే ఈ సదుపాయమని నియమం పెట్టారు. స్విట్జర్లాండు వైపు నియమం వేరు. ఆనాటికి మనిషికి 300 ఫ్రాంకుల సరుకు వరకు పన్ను లేకుండా తెచ్చుకోనిచ్చేవారు. 2025 జనవరి నుండి దానిని 150కి కుదించారు. మాంసం మాత్రం తలకు ఒక కిలో. అది మించితే కిలోకు 17 ఫ్రాంకుల సుంకం.

మా అల్లుడు మూడు కిలోల కోడిమాంసం కొన్నాడు. “రెండే కదా బాబూ మీ వాటా?” అన్నాను. “మీతో కలిపి ముగ్గురం కదండీ మామయ్యగారూ,” అన్నాడు వినయంగా. జన్మలో మాంసం ముట్టని నా పేరున ఆనాడు స్విస్ గణతంత్రంలోకి ఒక కిలో కోడిమాంసం సుంకం లేకుండా ప్రవేశించింది. నవ్వుకున్నాను గాని, మనసులో ఒక ముల్లు మిగిలిపోయింది. ఈ తేడా ఎక్కడిది? దీని వలన ఎవరికి లాభం, ఎవరికి నష్టం? తిరిగి వచ్చాక దొరికిన పుస్తకాలు తిరగేశాను.

మొదట నా అజ్ఞానం ఒకటి తొలగిపోయింది. స్విట్జర్లాండులో పన్ను ఎక్కువ కనుక వెల ఎక్కువ అని నేననుకున్నాను. అది తలకిందుల మాట. 2024లో స్విట్జర్లాండు అమ్మకపు పన్ను నూటికి 8.1, తిండి సరుకులపైన 2.6 మాత్రమే. జర్మనీలో అదే పన్ను 19, తిండి సరుకులపైన 7. పన్ను ఎక్కువగా ఉన్న దేశంలో సరుకు చవుక! అయితే అసలు తేడా మరెక్కడో ఉన్నది. స్విట్జర్లాండులో పనివారి జీతాలు ఎక్కువ, అంగడి అద్దెలు ఎక్కువ. స్వదేశపు రైతును కాపాడుకోవడానికి బయటి మాంసం పైన, పాల సరుకుల పైన కట్టిన సుంకపు గోడ ఎత్తు. వీటన్నిటి మీద ఫ్రాంకు విలువ కూర్చుని ఉన్నది. పన్ను కంటికి కనబడుతుంది, రసీదు మీద అచ్చవుతుంది. మారకపు రేటు రసీదు మీద అచ్చు కాదు. కనబడనిదే ఎక్కువ బరువు.

కనబడే దాని కథ ముందు చెబుతాను. పన్ను ఒక్కటే సరిహద్దుల్లో ఎంత ఘోరం చేయగలదో చెప్పడానికి ఫ్రాన్సు ఉప్పుపన్నును మించిన ఉదాహరణ లేదు. ‘గాబెల్’ అనే ఈ పన్ను విప్లవానికి పూర్వం ఒకే రాజు ఏలుబడిలో ఉన్న దేశాన్ని ముక్కలు ముక్కలుగా కోసింది. ఉత్తరాన, మధ్య భాగాన పెద్ద గాబెల్ మండలం. దక్షిణాన చిన్న గాబెల్. ఒకనాడు సొమ్ము చెల్లించి విముక్తి కొనుక్కున్న సీమలు కొన్ని. అసలు పన్నే లేని బ్రెటనీ వంటి సీమలు మరికొన్ని. ఆర్థికమంత్రి నెకర్ 1781లో రాజ్యపు లెక్కలను అచ్చువేసినప్పుడు ఈ ఉప్పు మండలాల పటాన్ని కూడా జతపరిచాడు. సముద్రపు ఒడ్డున ఉప్పు మళ్ళున్న బ్రెటనీలో ఉప్పు వెలకు, దాని పొరుగున గాబెల్ సీమలో ఉప్పు వెలకు ఇరవై రెట్లకు తక్కువ కాని తేడా ఉండేది. పైగా పెద్ద గాబెల్ మండలంలో ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి ప్రాణికీ ఏడాదికి ఇంత ఉప్పు కొని తీరాలని విధి. వద్దన్నా కొనాలి!

ఇరవై రెట్ల తేడా ఉన్న గీతకు ఇరుపక్కలా బీదజనం ఉంటే ఏమి జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. లావాల్, వీత్రే ఊళ్ళ నడుమ ఆడవాళ్ళు లంగాల మడతలలో ఉప్పు దాచి తెచ్చేవారు. కుక్కలకు వీపున ఉప్పుసంచి కట్టి, చీకట్లో గీత దాటి ఇల్లు చేరుకునేలా తర్ఫీదు ఇచ్చేవారు. పట్టుబడ్డ మగవారికి ఓడలలో తెడ్లు లాగే శిక్ష, ఆయుధంతో దొరికితే ఉరి. చిటికెడు ఉప్పు కోసం మనుషులు చచ్చారు. 1790లో విప్లవ ప్రభుత్వం గాబెల్‌ను రద్దు చేసింది. 1806లో నెపోలియన్ ఉప్పు మీద మళ్ళీ పన్ను వేశాడు గాని, ప్రాంతానికొక వెల అనే దుర్మార్గం మాత్రం తిరిగి రాలేదు.

ఇంగ్లండులో ఇదే కథ తేయాకుతో నడిచింది. పన్ను తేయాకు వెలను మించిపోవడంతో దొంగ తేయాకు దేశమంతా పారింది. 1784లో ప్రధాని పిట్ ఆ పన్నును నూటికి 119 నుండి పన్నెండున్నరకు దించాడు. దొంగరవాణాకు లాభం పోయింది, ఆ వ్యాపారం తనంతట తాను చచ్చింది. మన పెద్దలు సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్లు అనే సామెత ఊరికే చేయలేదు. సుంకరి కరగడు. కరిగేది లెక్క ఒక్కటే.

పంతొమ్మిదవ శతాబ్దంలో ఒక విచిత్రం జరిగింది. ఫ్రీడ్రిఖ్ లిస్ట్ 1819లో వ్రాసిన విన్నపంలో జర్మను రాజ్యాల నడుమ 38 సుంకపు గీతలున్నవని మొరపెట్టుకున్నాడు. 1834 జనవరి 1న సుంకాల సమాఖ్య ఏర్పడి ఆ లోపలి గీతలు చెరగడం మొదలైంది. ఆవలి గట్టున స్విట్జర్లాండులో 1848 రాజ్యాంగం కాంటన్ల నడుమ సుంకాలకు స్వస్తి పలికింది. 1850లో చేసిన చట్టం పలురకాల నాణేల స్థానంలో ఒకే ఫ్రాంకును నిలిపింది. లోపలి చిన్న గీతలు చెరిగిన కొద్దీ వెలుపలి పెద్ద గీత ముదిరింది. కోన్‌స్టాంజ్ వీధి మధ్యలో నేను చూసిన గీత అటువంటిది.

అయినా ఆనాడు మారకం మాత్రం నేటి కన్న సుఖంగా ఉండేదని చెప్పాలి. 1865లో ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండు ఒక ఒడంబడిక చేసుకున్నవి. ఫ్రెంచి ఫ్రాంకు, స్విస్ ఫ్రాంకు, ఇటలీ లీరా నాణేలు ఒకే తూకపు వెండి బంగారాలు. ఒకరి నాణెం మరొకరి ఖజానాలో చెల్లేది. 1914 యుద్ధం ఆ ఏర్పాటును కూలదోసింది. తరువాత ఎవరి కాగితం వారిదే, ఎవరి విలువ వారిదే.

ఇక కనబడని దాని కథకు వస్తాను. ఐర్లండు 1920లలో బ్రిటనునుండి విడిపోయి, 1923లో ఉత్తర ఐర్లండు సరిహద్దున సుంకపు కాపలా పెట్టుకున్నది. కాని ఐరిష్ పౌను మాత్రం బ్రిటిషు పౌనుతో సరిసమానంగానే నిలిచింది. ఆ సమానత్వం 1826లో నాణేల విలీనంతో మొదలైంది, 1979 మార్చి వరకు నూటయాభై ఏళ్ళు సాగింది. ఐర్లండు ఐరోపా ద్రవ్య వ్యవస్థలో చేరగానే తెగిపోయింది. ఆనాటి నుండి సరిహద్దులో పన్ను తేడాకు తోడు మారకపు తేడా కూడా వచ్చి చేరింది. దక్షిణాన పన్నులు పెరిగేకొద్దీ జనం పెట్రోలుకు, మద్యానికి, టీవీ పెట్టెలకు ఉత్తరాన ఉన్న న్యూరీ ఊరికి బారులు తీరారు. 1987లో ఐర్లండు ప్రభుత్వం ఒక వింత నియమం చేసింది. సరిహద్దు దాటి 48 గంటలైనా గడిపి వచ్చినవారికే పన్ను మినహాయింపు! పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే గృహిణిని ఆపడానికి పెట్టిన గడియ అది. ఐరోపా న్యాయస్థానం 1990లో ఆ నియమం చెల్లదన్నది.

చరిత్ర అంతటితో ఆగలేదు. 2008 చివర బ్రిటిషు పౌను విలువ జారి జారి యూరోకు దాదాపు సమానమయింది. అదే సమయాన, 2008 డిసెంబరు 1న, బ్రిటను తన అమ్మకపు పన్నును పదిహేడున్నర నుండి పదిహేనుకు దించింది. సరిగ్గా అదే తేదీన ఐర్లండు తన పన్నును 21 నుండి ఇరవై ఒకటిన్నరకు పెంచింది. ఖజానా ఖాళీ అయిన దేశం పన్ను పెంచడంలో దోషమేముంది? కాని మారకం, పన్ను రెండూ ఒకే దిశలో నెడితే ఏ దేశభక్తి నిలుస్తుంది? క్రిస్మసు సరుకుల కోసం డబ్లిన్ నుండి కూడా జనం న్యూరీకి పోయారు. ఇంటి సరుకులు స్వదేశంలోనే కొనమని మంత్రులు హితవు చెప్పారు. వినేవారికి జీతాలు తగ్గుతున్నవి, పిల్లలు ఇంటి దగ్గర ఎదురు చూస్తున్నారు. 2010 జనవరిలో ఐర్లండు పెంచిన అరశాతాన్ని వెనక్కు తీసుకున్నది.

పొరుగువాడి పన్ను మన పన్నును శాసిస్తుందనడానికి మరి రెండు ఉదాహరణలు చాలు. 2004 మే నెలలో ఎస్టోనియా ఐరోపా సమాఖ్యలో చేరబోతున్నదని తెలిసి, ఫిన్లాండు రెండు నెలల ముందే మద్యం మీద పన్నును మూడోవంతు మేర దించింది. తరువాత ఎస్టోనియా తన పన్ను పెంచితే, అక్కడివారు దక్షిణాన లాట్వియాకు పోసాగారు. 2019 జూలైలో ఎస్టోనియా నాలుగోవంతు దించింది, మరుసటి నెలలోనే లాట్వియా కూడా దించింది. డెన్మార్కు 2011 అక్టోబరులో ప్రజారోగ్యం కోసం కొవ్వు పదార్థాల మీద పన్ను వేసింది. ప్రజలు వెన్న తినడం మానలేదు, జర్మనీ వెళ్ళి కొనుక్కున్నారు. 2013 వచ్చేసరికి ఆ పన్ను లేదు. యానాం పెట్రోలు బంకుల దగ్గర నిలిచిన మన బళ్ళను చూసినవారికి ఇందులో వింత కనబడదు.

ఇప్పుడు ఫ్రాంకు దగ్గరకు వస్తాను. 2008 తరువాత ఐరోపాలో భయం పుట్టినప్పుడల్లా సొమ్మున్నవారు ఫ్రాంకు చాటున చేరారు. అందరూ కొంటే వెల పెరుగుతుంది, సొమ్ముకైనా అంతే. 2011 వేసవికి ఫ్రాంకు యూరోకు సమానం కాబోయింది. ఎగుమతులు కుంగిపోతాయని భయపడి స్విస్ జాతీయ బ్యాంకు 2011 సెప్టెంబరు 6న ఒక ప్రతిజ్ఞ చేసింది. ఒక యూరోకు 1.20 ఫ్రాంకులకు తక్కువ పోనివ్వము అన్నది. మూడేళ్ళకు పైగా ఆ మాట నిలబెట్టుకున్నది. 2015 జనవరి 15 ఉదయాన, ముందు మాటైనా చెప్పకుండా, ఆ ప్రతిజ్ఞను విరమించింది. నిమిషాలలో యూరో ఒక ఫ్రాంకు కన్న కిందికి పడిపోయింది.

ఆ ఒక్క ఉదయం నలుగురు మనుషులకు ఏమి చేసిందో చూడండి. జ్యూరిక్‌లో జీతం తీసుకొనేవాడికి కోన్‌స్టాంజ్ అంగడి సరుకంతా రాత్రికి రాత్రే ఆరోవంతు చవుకయింది. జర్మనీలో ఇల్లుండి రోజూ గీత దాటి స్విట్జర్లాండులో పనిచేసేవాడికి ఏ శ్రమా లేకుండా జీతం పెరిగినట్లయింది. క్రొయిట్‌స్లింగెన్ అంగడివాడు తలుపు తెరుచుకొని రాని జనం కోసం కూర్చున్నాడు. ఈ ముగ్గురూ గీతకు అటో ఇటో ఉన్నవారే. నాలుగవవాడు ఆ గీతను ఎన్నడూ చూడనివాడు. ఎక్కడో పోలండులో ఉన్నాడు.

పోలండు, హంగరీ, క్రొయేషియా దేశాలలో 2000ల దశకంలో లక్షలాది కుటుంబాలు ఇల్లు కొనడానికి ఫ్రాంకులలో అప్పు తీసుకున్నవి. స్వదేశపు నాణెంలో వడ్డీ ఎక్కువ, ఫ్రాంకులో తక్కువ. బ్యాంకులవారు కూడా అదే మంచిదన్నారు. జీతం జ్లోటీలలో, అప్పు ఫ్రాంకులలో. 2008 వేసవిలో ఒక ఫ్రాంకు రెండు జ్లోటీలు. 2015 జనవరిలో నాలుగు దాటింది. లక్ష ఫ్రాంకుల అప్పు చేసినవాడు ఆనాడు రెండు లక్షల జ్లోటీల ఇల్లు కొన్నాడు. ఏడేళ్ళు వాయిదాలు కట్టిన తరువాత, మిగిలిన ప్రతి ఫ్రాంకుకూ రెట్టింపు జ్లోటీలు వెదకవలసి వచ్చింది. ఇల్లు అదే, జీతం అదే, గోడకు మేకు కూడా కొత్తగా కొట్టలేదు. హంగరీ మాత్రం 2014 నవంబరులోనే ఆ అప్పులను స్వదేశపు నాణెంలోకి మార్చే రేటు నిర్ణయించి, రెండు నెలల తేడాలో గండం తప్పించుకున్నది. క్రొయేషియా 2015లో చట్టం చేసి యూరోలలోకి మార్చింది. పోలండు కుటుంబాలు కోర్టుల మెట్లెక్కినవి. 2019 అక్టోబరు 3న ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వారికి దారి తెరిచింది.

ఇది చదువుతుండగా మా మాతామహులు జ్ఞాపకం వచ్చారు. ఆయన నైజాము ఇలాకాలో, మధిర దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. అత్తవారిది నందిగామ ప్రాంతం, అంటే ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా. ఇరవై మైళ్ళ దూరం, మధ్యలో గీత. ఇటు నైజాము హాలీ సిక్కా, అటు ఇంగ్లీషువారి కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. తాతగారి జీతం ముప్ఫై అయిదు హాలీ. నందిగామ చేరేసరికి అది ముప్ఫై అయ్యేది. అందులో షరాబు వట్టం పట్టుకునేవాడు. పెళ్ళికని అత్తవారి ఊరి వర్తకుడి దగ్గర చేసిన అప్పు కల్దారులో. తీర్చేది హాలీ జీతంతో. మా అమ్మ చెప్పేది, ఆయన నెలనెలా దీపం దగ్గర కూర్చుని ఏడుతో ఆరుతో కుస్తీ పట్టేవారట. గీత దగ్గర కరోడ్గిరీ నాకా ఉండేది. సరుకు విలువలో నూటికి అయిదు సుంకం. అమ్మమ్మ కొత్తచీరను ఒకసారి తడిపి, ఆరేసి, నలిపి, కట్టుకొని వచ్చేదట, పాతదని నమ్మించడానికి. బ్రెటనీ ఆడవాళ్ళ లంగాల మడతల గురించి చదివినప్పుడు నాకు అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు కనబడినవి.

అయితే ఒక తేడా ఉన్నది. తాతగారి లెక్కలో ఏడుకు ఆరు అనేది కదలలేదు. నష్టం ఎంతో ఆయనకు ముందే తెలుసు. దానికి తగినట్లు పొదుపు చేసుకున్నారు, అప్పు తీర్చారు. పోలండు గృహస్థుకు ఆ భాగ్యం కూడా లేదు. ఆయన నిద్రలేచే లోపల ఆయన ఎరుగని ఊరిలో, ఆయన ఎన్నుకోని పెద్దలు ఒక నిర్ణయం చేశారు. తెలిసిన కష్టం కన్న తెలియని రేటు క్రూరమైనది.

హాలీ సిక్కా 1950ల దశకంలో అంతరించింది, కరోడ్గిరీ కూడా పోయింది. ఐరోపాలో 1993లో సమాఖ్య లోపలి సుంకపు చావడులు మూతపడినవి. 2002 జనవరి 1న యూరో నోట్లు చేతికి వచ్చినవి. 2023లో క్రొయేషియా, 2026లో బల్గేరియా ఆ నాణెంలో చేరినవి. మారకపు గండం తప్పింది గాని, కష్టం వచ్చినప్పుడు స్వదేశపు నాణెం విలువ తగ్గించుకొని ఊపిరి పీల్చుకునే దారి కూడా మూసుకుపోయింది. 2008 తరువాత ఐర్లండు దాని రుచి చూసింది. నాణెం వంగదు కనుక జీతాలు వంగవలసి వచ్చినవి. అందువలన గీత చెరిపితే చాలునని నేను అనలేను. గీత ఉంటే ఒక బాధ, లేకుంటే మరొక బాధ.

తిరిగి వచ్చేముందు జరిగిన చిన్న సంగతితో ముగిస్తాను. మా అమ్మాయి ఉండే మేడలో కింది అంతస్తున ఎనభై దాటిన ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉంటుంది. నడవడానికి చక్రాల చట్రం కావాలి. ఒకనాడు మా చేతులలో కోన్‌స్టాంజ్ సంచులు చూసి పలకరించింది. అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. ఆమె భర్త ఉన్న రోజులలో వారు కూడా వెళ్ళేవారట. ఇప్పుడు వీధి చివరి అంగడే ఆమెకు గతి. పింఛను అదే, వెల అదే, గీత దాటే కాళ్ళే లేవు. ఆనాటి రాత్రి నేను అమ్మాయితో అన్నాను, “తల్లీ, మీరు పోవడం తప్పని నేననను. మీ తాతమ్మ చీర నలిపి కట్టుకొచ్చిన వంశమే మనది. కాని ఆ అంగడి మూతపడితే ఈవిడ ఎక్కడికి పోతుంది?” అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు. “జీతం ఇక్కడిదే, అద్దె ఇక్కడే కడుతున్నాం, పన్నూ ఇక్కడే కడుతున్నాం నాన్నా. మిగిలేది ఆ సంచిలోనే,” అన్నది. అదీ నిజమే. నా దగ్గర జవాబు లేకపోయింది.

2020 మార్చిలో మహమ్మారి వచ్చినప్పుడు కోన్‌స్టాంజ్, క్రొయిట్‌స్లింగెన్‌ల నడుమ కంచె వేశారు. ఒకటి చాలదని రెండవది వేశారు, చేతులు కలపకుండా. ఇరువైపులా విడిపోయిన దంపతులు, ప్రేమికులు, తల్లులు కంచెల దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. జూన్ మధ్యకు సరిహద్దు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్నది. ఆ కొద్ది వారాలు చవుక సరుకు ఎవరికీ లేదు. కాళ్ళున్నవారందరూ ఆ వృద్ధురాలి స్థితిలో ఉండి చూశారు.

ఇంతకాలం చదివిన దానిలో నాకు మిగిలినది ఇంతే. గీతకు ఇరువైపులా వెల వేరైనప్పుడు లాభం దాటగలిగినవాడిది, భారం దాటలేనివాడిది. ఇంటికి వచ్చాక మా అమ్మ పాత పెట్టె వెదికాను. అడుగున ఒక హాలీ రూపాయి దొరికింది, ఒకవైపు చార్మినారు బొమ్మ. ఏడింటిలో ఒకటి. తాతగారికి నెలనెలా గీత దగ్గర పోయినది అదే కాబోలు.